హైదరాబాద్ జిల్లా నెలవారీ ఆర్థిక బులెటిన్: పన్నెండు సంచికలు చదివాక

ప్రతి నెలా 25వ తేదీన నా మెయిల్‌కు పద్నాలుగు పేజీల పీడీఎఫ్ ఒకటి, దానికి తోడుగా ఒక ఎక్సెల్ ఫైలు వస్తాయి. హైదరాబాద్ జిల్లా ఆర్థిక పరిస్థితిని నెల నెలా కొలిచి చెబుతామంటూ ఒక ప్రైవేటు సంస్థ నడుపుతున్న బులెటిన్ ఇది. ఏడాది చందా ఆరు వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ అదనం. 2025 జనవరి మొదలు డిసెంబరు వరకు లెక్కలున్న పన్నెండు సంచికలనూ చదివాను, వాటిలో రెండింటిని ముద్రించి దుకాణంలో గల్లా పక్కన పెట్టుకున్నాను, ఒకదాన్ని నమ్మి డబ్బు ఇరికించుకున్నాను. కాబట్టి దీని మీద సమీక్ష రాసే అర్హత కొంత సంపాదించుకున్నట్టే. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో చాలా మటుకు ఆ ఒక్క సంస్థవే కావు.

నేను రాణిగంజ్‌లో పైపులు, కుళాయిలు, శానిటరీ సామాను టోకుగా అమ్మే దుకాణం నడుపుతున్నాను. మూడేళ్ల కిందటి వరకు ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెప్పేవాణ్ని. మామగారి ఆరోగ్యం సహకరించకపోవడంతో ఆయన వ్యాపారం నా చేతికి వచ్చింది. పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ గీతలూ పట్టికలూ కనిపిస్తే నమ్మే బలహీనత నాకు ఉంది. టోకు వ్యాపారికి ఇలాంటి బులెటిన్ ఎందుకు అని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. సరుకు తెప్పించే నిర్ణయం నెలన్నర ముందే తీసుకోవాలి. కంపెనీలు మూడు నెలలకోసారి టార్గెట్లు పెట్టి స్కీములు ప్రకటిస్తాయి. ఆ టార్గెట్‌ను అందుకోవాలా, వదులుకోవాలా అన్నది రాబోయే గిరాకీ మీద ఆధారపడి ఉంటుంది. గిరాకీ ఎటు పోతున్నదో ఎవరైనా కాస్త ముందుగా చెప్పగలిగితే ఆరు వేలు పెద్ద ఖర్చు కాదు.

బులెటిన్‌లో ఎనిమిది రకాల లెక్కలుంటాయి. విద్యుత్ వినియోగం, కొత్త వాహనాల రిజిస్ట్రేషన్లు, ఇళ్ల స్థలాల రిజిస్ట్రేషన్లు, జీఎస్టీ వసూళ్లు, భవన నిర్మాణ అనుమతులు, శంషాబాద్ విమానాశ్రయ ప్రయాణికుల సంఖ్య, పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీలో హైదరాబాద్ కేంద్రపు అంకె, బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల ధరలు. ఈ ఎనిమిదింటినీ కలిపి, 2019 సగటును వందగా తీసుకొని, మొదటి పేజీలో ఒకే ఒక అంకెగా ప్రకటిస్తారు. పక్కనే ఆకుపచ్చ బాణమో ఎర్ర బాణమో ఉంటుంది. చందాదారుల్లో ఎక్కువమంది ఆ బాణం చూసి పీడీఎఫ్ మూసేస్తారని నా అనుమానం. మొదటి మూడు నెలలు నేను చేసిందీ అదే.

మెచ్చుకోవలసినవి ముందు చెప్పడం న్యాయం. ప్రతి పట్టిక కింద ఆ లెక్క ఏ శాఖ నుంచి వచ్చిందో, ఏ తేదీన తీసుకున్నారో రాస్తారు. ఎక్సెల్ ఫైలులో అంకెలను దాచకుండా ఇస్తారు కాబట్టి ఓపిక ఉన్నవాళ్లు తమ లెక్క తామే కట్టుకోవచ్చు. వాహనాల లెక్కల విషయంలో వారి శ్రమ నిజమైనది. వాహన్ అనే కేంద్ర ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ల పోర్టల్ పట్టికల్లో చాలా ఏళ్లపాటు తెలంగాణ లెక్కలు ఉండేవి కావు, ఇక్కడి అంకెల కోసం రాష్ట్ర ప్రభుత్వపు ఓపెన్ డేటా పోర్టల్‌ను వెతుక్కోవలసి వచ్చేది. ఆ అంకెలను ఖైరతాబాద్, సికింద్రాబాద్, మలక్‌పేట, టోలిచౌకి అంటూ ఆర్టీఏ కార్యాలయాల వారీగా విడదీసి చూపడం నాకు బాగా నచ్చింది. చెప్పిన తేదీకి రాని సంచిక ఈ ఏడాదిలో ఒక్కటే.

చిక్కంతా ఆ ఎనిమిది లెక్కలను కలిపి ఒకే మాటగా చెప్పిన చోట మొదలవుతుంది. అమెరికాలో కౌంటీల వారీగా, అంటే మన జిల్లాల్లాంటి వాటి వారీగా వెలువడే నెలవారీ నివేదికల నమూనాలో దీన్ని రూపొందించామని మొదటి సంచిక ముందుమాటలో గర్వంగా రాసుకున్నారు. అమెరికాలో మూడు వేలకు పైబడిన కౌంటీలన్నింటికీ అక్కడి కార్మిక గణాంక సంస్థ నెల నెలా నిరుద్యోగ రేటును అంచనా కట్టి ప్రకటిస్తుంది. అక్కడ ఉద్యోగం పోయినవాళ్లు ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టుకుంటారు, ఆ దరఖాస్తుల లెక్క ఏ కౌంటీకి ఆ కౌంటీగా దొరుకుతుంది, అంచనాకు అదొక గట్టి ఆధారం. అలాంటి ఆధారాలున్న దేశంలో కూడా కౌంటీ స్థూల ఉత్పత్తిని మాత్రం ఏడాదికొకసారే ప్రకటిస్తారు. మన దగ్గర ఉపాధిని, నిరుద్యోగాన్ని కొలిచే ప్రభుత్వ శ్రామిక బలగ సర్వే నెలవారీ ఫలితాలు రావడం మొదలైందే 2025 ఏప్రిల్ లెక్కలతో. ఆ నెల దేశం మొత్తానికి నిరుద్యోగ రేటు 5.1 శాతమని తేల్చారు. 2025 జనవరి నుంచి ఆ సర్వే నమూనాను జిల్లా ప్రాతిపదికన ఎంచుకుంటున్నా, నెలవారీ ఫలితాలు దేశం మొత్తానికే వస్తాయి. రాష్ట్రాల అంకెలు మూడు నెలలకొకసారి. హైదరాబాద్ జిల్లాలో ఈ నెల ఎంతమందికి పని దొరికింది అన్న ప్రశ్నకు ఏ పోర్టల్‌లోనూ జవాబు లేదు. అందుకే ఈ బులెటిన్‌లో ఉపాధి పేజీ లేదు. లేని లెక్కను కల్పించనందుకు వారిని అభినందించాలి. ఉపాధి ఊసే లేని అంకెకు జిల్లా ఆర్థిక సూచీ అని పేరు పెట్టినందుకు నిలదీయాలి.

జిల్లా అన్న మాట దగ్గర కూడా ఆగాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినా హైదరాబాద్ జిల్లా మాత్రం పాత హద్దుల్లోనే, 217 చదరపు కిలోమీటర్లకు పరిమితమై ఉండిపోయింది. 2011 జనగణనలో జనాభా 39.43 లక్షలు, ఆ తర్వాత జనగణన జరగలేదు, తదుపరిది 2027లో. నగరం మటుకు ఈ హద్దు దాటి ఎప్పుడో వెళ్లిపోయింది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, శంషాబాద్ విమానాశ్రయం రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. కూకట్‌పల్లి, జీడిమెట్ల, ఉప్పల్, చర్లపల్లి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోవి. పటాన్‌చెరు సంగారెడ్డిది. రాష్ట్ర ప్రభుత్వ సామాజిక, ఆర్థిక సర్వే లెక్కల్లో రంగారెడ్డి తలసరి ఆదాయం హైదరాబాద్ జిల్లా తలసరికి దాదాపు రెట్టింపు ఉంటుంది. స్థిరాస్తి మార్కెట్‌ను లెక్కగట్టే సంస్థలు ఈ సంగతి గ్రహించే హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజ్‌గిరి, సంగారెడ్డి జిల్లాలు నాలుగింటినీ కలిపి ఒకే మార్కెట్‌గా చూస్తాయి. ఈ బులెటిన్ రిజిస్ట్రేషన్లను ఒక్క హైదరాబాద్ జిల్లాకే తీసుకుంటుంది, విమాన ప్రయాణికులను రంగారెడ్డి జిల్లాలోని విమానాశ్రయం నుంచి తీసుకుంటుంది, జీఎస్టీని రాష్ట్రం మొత్తం అంకెల్లోంచి ఏదో నిష్పత్తిలో విడగొడుతుంది. ఒక అంకె ఈ జిల్లాది, ఒకటి పక్క జిల్లాది, ఒకటి రాష్ట్రానిది. మూడింటినీ కలిపితే వచ్చేది ఎవరి ఆర్థిక పరిస్థితి?

జీఎస్టీ సంగతి వ్యాపారులకు ఇంకా బాగా అర్థమవుతుంది. రాష్ట్రానికొక రిజిస్ట్రేషన్ ఉంటే చాలు కాబట్టి వరంగల్‌లోనూ ఖమ్మంలోనూ షోరూములున్న సంస్థ తన పన్నంతా బేగంపేటలోని ప్రధాన కార్యాలయం చిరునామా మీద కడుతుంది. ఖమ్మంలో అమ్ముడైన ఫ్రిజ్ బేగంపేటలో అమ్మినట్టు లెక్కకెక్కుతుంది. పైగా ఒక నెల అమ్మకాల పన్ను మరుసటి నెల 20వ తేదీ లోపు దాఖలు చేసే రిటర్నుతో జమ అవుతుంది. అంటే ఏప్రిల్ వసూళ్లుగా కనిపించేవి నిజానికి మార్చి అమ్మకాలు. మార్చి అంటే సంవత్సరాంతం, అందరూ బిల్లులు తెంచే నెల. బులెటిన్ ఈ ఒక నెల తేడాను సరిచేయదు. మా వీధిలో ఏ పద్దుల గుమస్తాను అడిగినా ఏప్రిల్ వసూళ్లు ఎందుకు ఎక్కువో చెబుతాడు.

ధరల పేజీలో తప్పు చిన్నది, కానీ రెండుసార్లు జరిగింది. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని 2016 ఆధార సంవత్సరంగా దేశంలోని 88 కేంద్రాలకు లేబర్ బ్యూరో లెక్కిస్తుంది. హైదరాబాద్ వాటిలో ఒకటి కాబట్టి, నగరపు అంకె నెల నెలా నేరుగా దొరికే అరుదైన లెక్కల్లో ఇదొకటి. అయితే ఇందులో ఇంటి అద్దెల సూచీని ఆరు నెలలకొకసారి, జనవరిలోనూ జూలైలోనూ మాత్రమే మారుస్తారు. మధ్య నెలల్లో అద్దె పెరిగినా సూచీ కదలదు. ఆరు నెలల పెరుగుదల ఒక్క నెలలో వచ్చి పడుతుంది. జనవరి సంచికలో “నగరంలో ధరల ఒత్తిడి తిరగబెట్టింది” అని రాశారు. జూలై సంచికలో మళ్లీ దాదాపు అదే వాక్యం. ఇక జూన్ సంచికలో రాష్ట్ర ద్రవ్యోల్బణం సున్నాకు దిగువన ఉందన్న వార్తను పెద్ద అక్షరాల్లో వేశారు. అది నిజమే. అయితే దాని అర్థం సరుకులు చవకయ్యాయని కాదు, అంతకు ముందటి జూన్‌లో మండిపోయిన కూరగాయల ధరలతో పోలిస్తే అని. ఆ ఒక్క వాక్యం జోడించి ఉంటే మా ఇంట్లో ఆ పీడీఎఫ్ చూసి ఎవరూ నవ్వేవారు కాదు.

నా డబ్బు ఇరుక్కున్నది నిర్మాణ అనుమతుల పేజీ దగ్గర. మే నెల లెక్కలున్న సంచిక జూన్ 25న వచ్చింది. అనుమతుల గీత నిటారుగా లేచింది, “నిర్మాణ రంగంలో బలమైన ఊపు, అనుబంధ వస్తువులకు గిరాకీ పెరిగే సూచన” అని దాని కింద వ్యాఖ్య. సరిగ్గా ఆ వారమే ఒక కంపెనీ స్కీము ముగుస్తోంది. 30వ తేదీ లోపు టార్గెట్ పూర్తి చేస్తే అదనపు తగ్గింపు. సీపీ సామాను, అంటే క్రోమియం పూత ఉన్న కుళాయిలు, షవర్లు, మిక్సర్లు, మామూలుగా తెప్పించే దానికి రెట్టింపు ఆర్డరు రాశాను. మా దుకాణంలో ముప్పై ఏళ్లుగా లెక్కలు చూస్తున్న పెద్ద గుమస్తా ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“సార్, మౌఢ్యం నడుస్తుంది, రేపట్సంది ఆషాఢం. గిన్ని నల్లాలు ఎవలింట్ల బిగిస్తరు?” అన్నారు.

“ఇది పంచాంగం లెక్క కాదన్నా, డేటా” అని నేను జవాబిచ్చాను. ఈ మాట నేను అన్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పెట్టెలు 28న దిగాయి. గోదాములో చోటు చాలక మెట్ల కింద పేర్చాము. జూన్ రెండో వారం నుంచి జూలై రెండో వారం దాకా గురు మౌఢ్యం, జూన్ 26 నుంచి జూలై 24 దాకా ఆషాఢం. గృహప్రవేశం అన్న మాట ఎవరి నోటా రాలేదు. కుళాయి అన్నది ఇంట్లో చివరగా బిగించే వస్తువు. పునాది, పిల్లర్లు, స్లాబులు, గోడలు, ఆ తర్వాత గోడ కోసి సీపీవీసీ నీటి పైపులు, ప్లాస్టరింగు, టైల్స్, రంగులు, అన్నీ అయ్యాక ముహూర్తానికి వారం పది రోజుల ముందు ప్లంబర్ వచ్చి కుళాయిలు బిగిస్తాడు. సొంత ఇల్లు కట్టుకునేవారి విషయంలో అనుమతి కాగితానికీ కుళాయికీ మధ్య సునాయాసంగా ఏడాది ఉంటుంది. మే నెలలో వచ్చిన అనుమతి వచ్చే వేసవికి గానీ నా గల్లా దాకా రాదు. ఈ సంగతి తెలియక నేను ఆర్డరు రాయలేదు. గీత చూసిన సంతోషంలో తెలిసింది మరిచాను. శ్రావణంలో కొంత కదిలింది, మిగతాది దసరా దాకా ఉద్దెర మీద తెలిసిన వాళ్లకు అంటగట్టవలసి వచ్చింది. తప్పు నాది. బులెటిన్ తప్పు ఏమిటంటే, అనుమతుల గీతను “అనుబంధ వస్తువుల” గిరాకీకి ముడిపెట్టేటప్పుడు ఏ వస్తువుకు ఎన్ని నెలల తర్వాత అని చెప్పకపోవడం. సిమెంటుకు అది కొన్ని నెలలు, నాకు ఏడాది, ఫర్నిచర్ దుకాణానికి ఇంకా ఎక్కువ.

ఆ పేజీలో ఇంకో రెండు చిక్కులున్నాయి. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న పరిమితి, లేదు. స్థలం, రోడ్డు వెడల్పు అనుకూలిస్తే నలభై అంతస్తులు కూడా లేపవచ్చు. బులెటిన్ లెక్కలో ఆ టవర్ ఒక అనుమతి, రెండంతస్తుల ఇల్లూ ఒక అనుమతి. చదరపు అడుగుల లెక్క లేకుండా అనుమతుల సంఖ్య చెప్పడం, తూకం వేయకుండా బస్తాలు లెక్కబెట్టడం లాంటిది. రెండోది, 2020 నవంబరులో వచ్చిన టీఎస్-బీపాస్ విధానం కింద 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకునే చిన్న ఇళ్లకు అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే సరిపోతుంది. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. పద్ధతి మారినప్పుడు ఆగిన ఫైళ్లు ఒక్కసారిగా కదిలినా గీత లేస్తుంది, లెక్కలోకి తీసుకునే వర్గాలు మారినా లేస్తుంది. పాత లెక్కనూ కొత్త లెక్కనూ ఒకే గీతగా అతికించినప్పుడు అతికిన చోట చుక్క పెట్టడం కనీస మర్యాద. ఇక్కడ ఆ చుక్క లేదు.

గుమస్తా గారి మాట మీద తర్వాత చాలా రోజులు ఆలోచించాను. పన్నెండు సంచికలనూ పంచాంగం పక్కన పెట్టుకొని మళ్లీ చదివితే, బులెటిన్ “మలుపు” అన్న ప్రతి చోటా నాకు ఒక తిథి కనిపించింది. వారు ప్రతి నెలనూ కిందటేడాది అదే ఇంగ్లీషు నెలతో పోలుస్తారు. హైదరాబాద్‌లో జనం డబ్బు ఖర్చు పెట్టేది ఇంగ్లీషు నెలలు చూసుకొని కాదు.

సెప్టెంబరు సంచికే తీసుకోండి. వాహనాల రిజిస్ట్రేషన్లు కిందటేడాది సెప్టెంబరు కంటే బాగా పెరిగాయని రాసి, కారణం జీఎస్టీ తగ్గింపే అని తేల్చారు. సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లు, 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజం. కానీ అదే రోజు శరన్నవరాత్రుల మొదటి రోజు కూడా. 2024లో నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి, ఆ సెప్టెంబరు రెండో సగమంతా మహాలయ పక్షం, కొత్త వస్తువు ఇంటికి తెచ్చే రోజులు కావు. 2025లో పక్షం 21వ తేదీకే ముగిసింది, నెలాఖరు తొమ్మిది రోజులూ బండి కొనే రోజులే అయ్యాయి. అంటే పన్ను ఏమాత్రం తగ్గకపోయినా ఆ నెల లెక్క కిందటేడాది కంటే పెరిగి ఉండేది. ఎంత భాగం పన్ను వల్ల, ఎంత భాగం పండుగ వల్ల అన్నది తేలాలంటే సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలనూ కలిపి పోల్చాలి. రెండేళ్లలోనూ దసరా, దీపావళి రెండూ ఆ రెండు నెలల్లోనే పడ్డాయి. నేను ఎక్సెల్‌లో ఆ కూడిక చేయడానికి పట్టింది ఐదు నిమిషాలు. పెరుగుదల ఉంది, కానీ మొదటి పేజీ బాణం చూపినంత కాదు. ఇంకొకటి కూడా చెప్పాలి: సిమెంటు మీద పన్ను కూడా అదే రోజు 28 నుంచి 18కి దిగింది, తగ్గింపు ప్రకటన వచ్చిన నాటి నుంచి నాకు తెలిసిన ఇద్దరు మేస్త్రీలు స్లాబులు వాయిదా వేసుకొని కూర్చున్నారు. ఆ స్తబ్ధత గురించి బులెటిన్‌లో ఒక్క పంక్తి లేదు.

ఏప్రిల్ సంచికలో దీనికి తిరగేసిన తప్పు. చిల్లర వ్యాపారం కిందటేడాది కంటే నీరసంగా ఉందని రాశారు. 2024లో రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చింది. ఆ నెల మొదటి పది రోజులూ పత్తర్‌గట్టి, మదీనా, చార్మినార్ చుట్టూ రాత్రి తెల్లవార్లూ బేరాలు సాగిన రోజులు. 2025లో పండుగ మార్చి 31నే అయిపోయింది. పాతబస్తీ వ్యాపారం ఏప్రిల్‌లో తగ్గకపోతే ఆశ్చర్యపడాలి. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుందన్నది హలీం బట్టీ పెట్టే కుర్రాడికీ తెలిసిన విషయం.

డిసెంబరు సంచిక ఈ జనవరి 25న వచ్చింది. “వినియోగదారుల ఉత్సాహం సన్నగిల్లింది” అన్నది దాని శీర్షిక. నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు శుక్ర మౌఢ్యం; పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. 2024 డిసెంబరు మొదటి రెండు వారాల్లో ముహూర్తాలు ఉన్నాయి. ఈసారి మాఘమాసం మొత్తం మౌఢ్యంలోనే గడిచిపోయింది, మాఘం పెళ్లిళ్ల మీద ఆధారపడ్డ ఫంక్షన్ హాళ్ల వాళ్లకు, క్యాటరింగ్ వాళ్లకు అది నిజంగానే గడ్డు కాలం. ఖర్చు ఆగిపోలేదు, వాయిదా పడింది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే వ్యాపారి అనవసరంగా సరుకు తగ్గించుకుంటాడు, మౌఢ్యం విడిచిన మర్నాడు గిరాకీ వచ్చి ఖాళీ ర్యాకు చూసి వెళ్లిపోతుంది.

ఇది సరిదిద్దలేని లోపం కాదు. కాలానుగుణ హెచ్చుతగ్గులను తీసివేయడానికి అమెరికా జనగణన సంస్థ తయారు చేసిన ఎక్స్-13 అరీమా అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఏటా తేదీ మారే ఈస్టర్ కోసం అందులో ముందే ఏర్పాటు ఉంది. మన పండుగల తేదీలను మనం ఇస్తే దీపావళికీ రంజాన్‌కూ కూడా లెక్క కడుతుంది. అమెరికా నమూనాను తెచ్చుకున్నవారు దానితో పాటు వచ్చే ఈ పరికరాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. ఆషాఢం, మహాలయ పక్షం, మౌఢ్యాలు, రంజాన్ నెల తేదీలను ఒక వరుసలో రాసి ఇవ్వడానికి ముప్పై రూపాయల పంచాంగమూ ఒక మధ్యాహ్నమూ చాలు.

విద్యుత్ పేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎండ ముదిరితే గీత లేస్తుంది, వాన పడితే దిగుతుంది. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి. అలాంటి మే నెలలో ఏసీలు ఆగితే అది మందగమనం కాదు. ఇళ్ల కనెక్షన్లను పక్కన పెట్టి వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లను మాత్రమే తీసుకుంటే ఈ పేజీ పనికొస్తుంది.

ఈ విషయాలన్నీ నవంబరులో సంస్థకు రెండు పేజీల ఉత్తరంగా రాశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది, మర్యాదగా వచ్చింది. అద్దెల విషయం ఒప్పుకొని తర్వాతి సంచికలో కింద గమనికగా చేర్చారు. అనుమతులకు చదరపు అడుగుల లెక్క సంపాదించే ప్రయత్నంలో ఉన్నామన్నారు. పండుగల సవరణ “పరిశీలనలో ఉంది”. అయితే అదే సమయంలో పాత ఎక్సెల్ ఫైళ్లను కొత్తవాటితో పోల్చి చూస్తే, మార్చి, ఏప్రిల్ నెలల అంకెలను ఎప్పుడో చెప్పాపెట్టకుండా మార్చారని తేలింది. లెక్కలు సవరించడం తప్పు కాదు, ఏ గణాంక సంస్థ అయినా తొలి అంచనాను తర్వాత సవరిస్తుంది. సవరించామని చెప్పకుండా సవరించడం మాత్రం చందాదారుడి నమ్మకంతో ఆడుకోవడమే. దీనికి ఇప్పటిదాకా జవాబు లేదు.

ఈ బులెటిన్‌ను ఎవరు కొనవచ్చు? ఎక్సెల్ తెరిచి సొంతంగా కూడికలు చేసుకునే ఓపిక ఉన్నవారికి, విడివిడిగా ఐదారు పోర్టళ్లు తిరిగే శ్రమ తప్పుతుంది కాబట్టి, ఆరు వేలు సరిపోయే ధరే. వాహనాల డీలర్లకు ఆర్టీఏ పేజీ ఒక్కటే పెట్టుబడి రాబడుతుంది. బాణం చూసి నిర్ణయం తీసుకునేవారు మాత్రం దూరంగా ఉండడం మంచిది. చదువుకునే పిల్లలకు, వ్యాసాలు రాసుకునేవారికి డబ్బు పెట్టే అవసరమే లేదు. లేబర్ బ్యూరో సూచీ, మార్కెట్ యార్డుల ధరలు, రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్, ఏటా బడ్జెట్‌తో పాటు వచ్చే సామాజిక, ఆర్థిక సర్వే, అన్నీ ఉచితంగా దొరికేవే. ఐదు నక్షత్రాల్లో నేను మూడు ఇస్తాను. అందులో ఒకటి పూర్తిగా ఎక్సెల్ ఫైలుకు.

ఉపాధి లెక్క లేని లోటును నేను నా పద్ధతిలో పూడ్చుకుంటున్నాను. ఉదయం దుకాణానికి వచ్చే దారిలో యూసుఫ్‌గూడ కూలీల అడ్డా దగ్గర బండి నెమ్మది చేస్తాను. తొమ్మిదిన్నర దాటాక కూడా పార, తట్ట పక్కన పెట్టుకొని కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి, గల్లా డైరీలో ఆ రోజు బోణీ పక్కన రాసుకుంటాను. ఇరవై లోపు ఉంటే మేస్త్రీలకు పని ఉందని, యాభై దాటితే లేదని నా లెక్క. దీన్ని సూచీ అని ఎవరికీ చందాకు అమ్మను, కానీ గత ఆగస్టులో నా ఆర్డరును సగానికి తగ్గించి నష్టం ఆపింది ఆ డైరీయే.

చందా గడువు ఈ నెలాఖరుతో తీరింది. ఆర్నెల్ల చందా మూడు వేల మూడు వందలు, అది కట్టాను. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, ముహూర్తాలుండవు. కిందటి మే నెలలో అయితే 27వ తేదీ దాకా వైశాఖమే. మే లెక్కలున్న సంచిక జూన్ 25న వస్తుంది. అందులో ఎర్ర బాణం పక్కన “అధిక మాసం” అన్న రెండు మాటలు ఉంటాయో లేదో చూడాలి. గుమస్తా గారికి కూడా ఆ తేదీ చెప్పి ఉంచాను.